వెన్ను మీద రెండక్షరాలు

ఊరందరినీ కడుపుబ్బా నవ్వించే మనిషి ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వరని ఆమెకు మొదటిరోజే తెలిసిపోయింది. గేటు దగ్గర కాపలా మనిషి చెప్పుల చప్పుడు కాకుండా నడిచాడు. వంటాయన గిన్నె మీద మూతను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టాడు. హాల్లో కిటికీ పక్కన చూపించిన బల్ల మీద ఆమె పుస్తకాలు అదిమే ఇనుప ప్రెస్సు దించుతుంటే కాస్త చప్పుడైందో లేదో, మెట్ల మీద నుంచి ఆయన అక్కగారు తొంగిచూసి, "ఇది ఇల్లమ్మా, కార్ఖానా కాదు" అన్నారు. ఆ వేళ నుంచి ఆమె సుత్తి కింద పాత బట్ట మడిచి పెట్టుకుని కొడుతోంది.

పుస్తకాలు కుట్టి అట్టలు వేయడం ఆమె పని. మొగుడూ పెళ్ళాలిద్దరికీ కలిపి ఒక చిన్న బైండింగ్ కొట్టు ఉంది. వంటాయన మొదటిరోజే ఆమెకు అట్టలమ్మ అని పేరు పెట్టేశాడు, సాయంత్రానికి అది ఇల్లంతా పాకింది. ఇక ఇంటాయన సంగతి. నాటకాల్లో, సినిమాల్లో, ఇప్పుడు టీవీలో, నలభై ఏళ్ళుగా వెలుగుతున్న ఆ మనిషిని జనం కితకితలాయన అంటారు. అసలు పేరు చెబితే ఎవరాయన అని అడుగుతారు.

ఆయన హాల్లో గోడ పొడుగునా అల్మరా. అందులో కథలూ లేవు, కవిత్వమూ లేదు. అన్నీ గొప్పవాళ్ళ జీవిత చరిత్రలే. పాడినవాళ్ళు, ఆడినవాళ్ళు, బొమ్మలు చెక్కినవాళ్ళు, మొహానికి రంగు పూసుకుని జనాన్ని ఏడిపించినవాళ్ళు. అందరూ పోయినవాళ్ళే. ఒక పుస్తకం లావు, ఒకటి సన్నం, ఒకదానికి వీపు ఊడింది, ఒకదానికి మొహమే లేదు. వాటన్నిటికీ ఒకే ముదురు ఎరుపు బట్టతో అట్టలు వేసి, వెన్ను మీద బంగారు అక్షరాలు కొట్టాలి. ఎందుకంటే ఈ వారంలోనే కితకితలాయన జీవిత చరిత్ర కూడా వస్తోంది. ఆ వరుస చివర దానికి చోటు అట్టేపెట్టారు. ఆయన తన పుస్తకాన్ని తన చేత్తో ఆ ఖాళీలో పెడుతుంటే టీవీ వాళ్ళు వచ్చి వీడియో తీసుకుంటారు. పుస్తకాలు గడప దాటడానికి వీల్లేదని ఆయన పట్టు. అందుకని కొట్టే ఆ ఇంటికి వచ్చింది.

"పేర్లకు ముందు కీ.శే. ఉండాలి," అని మేనేజరు చెప్పాడు. "కీర్తిశేషులని. పెద్దవాళ్ళు కదా, మర్యాద. సార్ పుస్తకానికి మాత్రం శ్రీ. గుర్తుంటుందా?"

"ఉంటుందండీ," అంది ఆమె. పోయినవాళ్ళకు కీ.శే., ఉన్నవాళ్ళకు శ్రీ. శుభలేఖ చదివిన ప్రతివాళ్ళకూ తెలిసిన సంగతే.

పని కష్టమని కాదు ఆమె భయం. వాళ్ళ కొట్టుకు ఎదురుగా ఒక దర్జీ ఉండేవాడు. నిరుడు కితకితలాయనకు కోటు కుట్టాడు, చేతులు కాస్త ఎగుడుదిగుడుగా వచ్చాయి. ఆ వారం టీవీలో ఆయన ఆ కోటే వేసుకుని, "మా దర్జీ ఒకాయన ఉన్నాడు, ఒక చెయ్యి కొలిచి రెండో చెయ్యి ఊహించుకుని కుడతాడు" అని, కొట్టు పేరు కూడా చెప్పి, అటూ ఇటూ ఊగుతూ నడిచాడు. ఊరు పొర్లి పొర్లి నవ్వింది. ఆమె కూడా నవ్వింది, అన్నం పొలమారేదాకా నవ్వింది. మర్నాటి నుంచి దారిన పోయేవాళ్ళు ఒక చెయ్యి పొడుగ్గా, ఒక చెయ్యి పొట్టిగా పెట్టుకుని ఆ కొట్టు ముందు నడవడం మొదలుపెట్టారు. కుట్టుమిషన్ చప్పుడు కొన్నాళ్ళు వినిపించింది. తర్వాత ఆగిపోయింది. దించిన షట్టరు మీద ఎవరో బొగ్గుతో గీసిన ఎగుడుదిగుడు చేతులు ఇప్పటికీ ఉన్నాయి. ఆమె రోజూ తన కొట్టు తాళం తీస్తూ వాటిని చూస్తుంది, నవ్వినందుకు సిగ్గుపడుతుంది.

పాత కుట్లు విప్పుతుంటే ఆమెకు ఒక సంగతి కనిపించింది. పుస్తకమంటే మడిచిన కాగితాల కట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి కుట్టడమే. ఆ కట్టను ఫారం అంటారు. ఏ పుస్తకం విప్పినా ముందు ఫారాలు నిన్న అచ్చయినట్టు పెళపెళలాడుతున్నాయి. ఆఖరి ఫారం మాత్రం అంచులు నల్లబడి, మూలలు మెత్తబడి ఉంది. ఒకటో రెండో అయితే సరే అనుకోవచ్చు, అన్నీ అంతే. ఎక్కడ పుట్టారో, ఎవరు చేరదీశారో, ఏ వయసులో పేరొచ్చిందో ఆయనకు అక్కర్లేకపోయింది. ఎలా పోయారన్నది ఒక్కటే కావలసొచ్చింది. ఆఖరి పేజీల్లో సన్నటి పెన్సిల్ గీతలు కూడా ఉన్నాయి. ఒక నాట్యకత్తె పుస్తకంలో "ఆ సాయంత్రం కూడా ఆమె వేదిక ఎక్కింది" అన్న మాట కింద గీత. ఒక పాటగాడి పుస్తకంలో "ఎవరికీ చెప్పవద్దని వైద్యుణ్ణి వేడుకున్నాడు" అన్న చోట రెండు గీతలు. ఆమె కూడబలుక్కుని చదివింది, మళ్ళీ సూది అందుకుంది.

"ఆయన పుస్తకాలు వెనకనుంచి చదువుతాడు," అని ఆ సాయంత్రం కొట్లో మొగుడికి చెప్పింది. ఆయన కటింగ్ మిషన్ కత్తికి నూనె రాస్తున్నాడు.

"కొందరు సినిమాకి కూడా ఆఖర్లోనే వెళ్తారు," అన్నాడు. "నీకెందుకే? కుట్టు, అంటించు, ఇంటికిరా. నోరు మాత్రం విప్పకు. నువ్వు నోరు విప్పావంటే ఆయనకు సరుకు దొరికినట్టే."

"నేనేం విప్పుతాను? ఆ ఇంట్లో దగ్గాలన్నా పెరట్లోకి వెళ్ళాలి."

ఆయన నవ్వబోయి ఎదుటి షట్టరు వంక చూసి మానుకున్నాడు. "అయినా జాగ్రత్త. మన పేరు కూడా అలా ఒకసారి టీవీలో పడిందంటే మూసుకోవడమే. మనకు ఇంకో విద్య రాదు," అన్నాడు.

మర్నాడు కితకితలాయన మెట్లు దిగి వచ్చాడు. టీవీలో కనిపించేంత లావు లేడు. సగం మెట్ల మీద ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు కాసేపు కూర్చుని, మళ్ళీ లేచాడు. ఆమె దారం కొసను నాలికతో తడిపి, ఒక కన్ను మూసి, సూదిలోకి ఎక్కిస్తోంది. ఆయన బల్ల ఎదురుగా నిలబడి కొంచెంసేపు చూశాడు. చూసి, ఒట్టి గాల్లో దారం పట్టుకుని, నాలిక కొసతో తడిపి, ఒక కన్ను మూసి, గడ్డం ముందుకు చాపి, లేని సూదిలోకి ఎక్కించాడు. మేనేజరు విరగబడి నవ్వాడు. వంటగది గుమ్మంలోంచి వంటాయన నవ్వాడు. అద్దంలో కూడా ఆమె తనను అంత సరిగ్గా ఎప్పుడూ చూసుకోలేదు. నవ్వుదామని పెదాలు సాగదీసింది. ఆ సూదీ ఆ గడ్డమూ రేపు ఊరంతా చూస్తుందనిపించింది.

"ఇలా కుడితే ఎన్నాళ్ళుంటుంది అట్టలమ్మా?" అని అడిగాడు ఆయన.

"తడి తగలకపోతే యాభై ఏళ్ళకు ఢోకా లేదు సార్."

"అదృష్టవంతులు," అన్నాడు అల్మరా వంక చూసి. మేనేజరు దానికి కూడా నవ్వాడు.

అక్షరాలు కొట్టే రోజు వచ్చింది. దానికి పిడి ఉన్న ఇత్తడి చట్రం ఉంటుంది, అందులో రెండు వరసలు. పై వరసలో కీ.శే., కింది వరసలో పేరు. పై వరస మారేది కాదు కాబట్టి మరలు బిగించి వదిలేసింది, పేరొక్కటే మార్చుకుంటూ పోయింది. చట్రాన్ని చిన్న కరెంటు పొయ్యి మీద కాచి, తడిగుడ్డకు తాకిస్తే సుయ్యిమనేదాకా చూసి, వెన్ను మీద బంగారు రేకు పరిచి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. గట్టిగా నొక్కితే బట్ట కాలుతుంది, మెల్లగా నొక్కితే అక్షరం అంటదు. పొద్దుటినుంచీ ఒక్కొక్కరే మహానుభావులు కీర్తిశేషులై అల్మరాలోకి వెళ్ళారు.

ఆఖరున ఆయన పుస్తకం. అచ్చాఫీసు నుంచి విడి ఫారాలుగా వస్తే ముందురోజే కుట్టి, అట్టవేసి, ఆరబెట్టి ఉంచింది. రేపు పొద్దున్నే టీవీ వాళ్ళు వస్తారు. అక్కగారు వచ్చి ఆమె భుజం వెనక నిలబడ్డారు. "తమ్ముడి పేరులో తప్పు పోయిందంటే నేను ఊరుకోను," అన్నారు. ఆమె ఒక్కొక్క అక్షరమే తీసి, వెలుతురులో తిప్పి చూసి పెట్టింది. దీర్ఘం ఉందా, ఒత్తు తిరగబడలేదు కదా అని మళ్ళీ చూసింది. మళ్ళీ చదివింది. ఉన్న భయమంతా ఆ పేరు మీదే పెట్టింది. చట్రం కాచింది, రేకు పరిచింది, నొక్కింది.

రేకు ఒలిచేసరికి పేరు ముత్యాల్లా పడింది. ఒక్క తప్పు లేదు. దాని పైన, అంతే ముత్యాల్లా, కీ.శే. మెరుస్తోంది.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. అదృష్టమో ఏమో, అప్పుడే ఫోను మోగి అక్కగారు అటు తిరిగారు. ఆమె పుస్తకాన్ని పాత బట్టలో చుట్టి, పనిముట్ల బుట్ట అడుగుకు తోసేసింది. పడేసిన బట్ట పీలిక మీద అవే అక్షరాలు కొట్టి, తడి దూదితో రుద్ది చూసింది. బంగారం పోయింది కానీ కాలిన గుంట అలాగే ఉంది. వాలుగా చూస్తే గుడ్డివాడు కూడా చదివేలా ఉంది. కొత్త అట్ట వేద్దామంటే ఆ ఎరుపు బట్ట అయిపోయింది, మిగిలినవి వేలెడు పీలికలు. ముక్క అంటించి కప్పుదామంటే, వరుసలో దేనికీ లేని అతుకు దీనికే ఎందుకుందని అక్కగారు మొదటి చూపులోనే అడుగుతారు. బతికున్న మనిషిని, అదీ చావు పేజీలు పుస్తకాలు అరిగేలా చదివే మనిషిని, ఇంకా పుస్తకం బయటికి రాకముందే చంపేసింది. దర్జీది ఒక చెయ్యి పొట్టి మాత్రమే. దీనికి ఆయన ఏ జోకు కడతాడో ఊహించుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

ఏం చేయాలో తోచక కుంచెలు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. కడిగినవే మళ్ళీ కడిగింది. తిరిగి వచ్చేసరికి హాలు మధ్యలో ఊడ్చే ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆవిడ సంచి నేల మీద బోర్లించి ఉంది. దువ్వెన, టిఫిన్ డబ్బా, మాత్రల పొట్లం, మడిచిన కొంగుముక్క.

"బల్ల మీదున్న పుస్తకం ఏమైనట్టు? బల్ల కింద ఊడ్చింది నువ్వే కదా?" అంటున్నారు అక్కగారు.

"నాకు చదువే రాదమ్మా," అంది ఆవిడ.

"చదవడానికి కాదు, అమ్మడానికి," అన్నాడు మేనేజరు. "బయటికి రాని పుస్తకం పత్రికలవాళ్ళ చేతిలో పెడితే ఊరికే ఉంటారా?"

"పోలీసులకు ఫోన్ చెయ్యి. వాళ్ళే కక్కిస్తారు."

ఊడ్చే ఆవిడ ఏడవడం లేదు. చెల్లాచెదురైన మాత్రలను ఒక్కొక్కటే ఏరి పొట్లంలో వేసుకుంటోంది. అట్టలమ్మ తడి కుంచెలతో గుమ్మంలో నిలబడిపోయింది. ఊరుకుంటే సరిపోతుందనిపించింది. ఒక్క క్షణమే అనిపించింది కానీ, అనిపించింది. ఆ తర్వాత తన గొంతు తనకే వినిపించింది.

"పుస్తకం నా దగ్గరే ఉందమ్మా."

అందరూ తిరిగి చూశారు. అక్కగారు చెయ్యి చాచారు. "ఏదీ?"

"సార్‌కే చూపిస్తానండీ."

ఆ ఇంట్లో అక్కగారికి అలాంటి జవాబు ఎవరూ ఇచ్చినట్టు లేదు. ఆవిడ తేరుకునేలోపే ఆమె బుట్టలోంచి మూట తీసుకుని మెట్లెక్కింది.

ఆయన గదిలో తెరలు వేసి ఉన్నాయి. టీవీలో చూసే నల్లటి జుట్టు అద్దం ముందు బల్ల మీద ఉంది. ఆయన కుర్చీలో ఉన్నాడు, తల మీద నాలుగు తెల్ల పోగులతో. ఆమె చటుక్కున నేల చూపులు చూసింది.

"ఏంటి అట్టలమ్మా?"

మెట్లెక్కుతూ మాటలన్నీ సిద్ధం చేసుకుంది. తీరా నిలబడ్డాక అవేవీ పనికిరావనిపించింది. బట్ట విప్పి పుస్తకం చేతికిచ్చింది. ఆయన అట్ట చూశాడు, బాగుందన్నట్టు తలూపాడు, వెన్ను తిప్పాడు.

ఊపుతున్న తల అక్కడే ఆగిపోయింది. బొటనవేలు ఆ రెండక్షరాల మీద పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. లేచి వెళ్ళి తలుపు గడియ వేశాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు చాలా మెల్లగా.

"ఏంటి సార్?"

"డాక్టరా? మేనేజరు నా రిపోర్టులు చూశాడా? మా అక్కకు కూడా తెలుసా? నిజం చెప్పు, నేనేం అనను."

ఆమె ఏమీ అర్థంకాక ఆయన వంక చూసింది. చూస్తూ ఉండగా నలిగిన ఆఖరి ఫారాలు, పాటగాడి పుస్తకంలో ఆ రెండు గీతలు, సగం మెట్ల మీద కూర్చోవడం, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అప్పుడు అర్థమైంది. కాసేపటి క్రితం దాకా ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడుతున్నది తనే అనుకుంది.

"ఎవరూ చెప్పలేదు సార్," అంది. "పొరపాటు. పొద్దుటినుంచీ అన్నిటికీ అదే కొట్టి కొట్టి, పై వరస మార్చడం మరిచిపోయాను. ఒట్టి పొరపాటు సార్."

ఆయన చాలాసేపు ఆమె కళ్ళలోకి చూసి కుర్చీలో కూలబడ్డాడు. "పొరపాటా," అన్నాడు. చప్పుడు లేకుండా భుజాలు కదిలాయి, నవ్వో ఏమో తెలియలేదు. "ఎంతమంది చూశారు?"

"నేనొక్కదాన్నే."

"మా అక్కకు తెలీదు. తెలిసిందంటే రేపటి నుంచి నన్ను మంచం దిగనివ్వదు. ఈ టీవీ వాళ్ళు కూడా నవ్వు కోసం రారు ఇక, ఏడుపు కోసం వస్తారు." పుస్తకం ఆమె ముందుకు చాపి, "చెరపగలవా?" అన్నాడు.

"చెరిపితే మచ్చ ఉంటుంది సార్. పైన చిన్న ముక్క వేసి శ్రీ కొట్టగలను."

"దేనితో అంటిస్తావు?"

వింత ప్రశ్నే కానీ పని ప్రశ్న కాబట్టి ఆమె నోరు తిరిగింది. "రెండున్నాయి సార్. మైదా పేస్టయితే ఎప్పుడైనా తడిగుడ్డ పెడితే ఊడొస్తుంది. తెల్ల గమ్ అయితే ఇక రాదు, లాగితే అట్టతో సహా చిరుగుతుంది."

"పేస్టుతో అంటించు."

"సార్?"

"అట్టే రోజులు అక్కర్లేదు. తర్వాత ఎవరో ఒకరు తడిపి ఊడదీస్తే కింద తయారుగా ఉంటుంది. నీకు రెండోసారి వచ్చే పని తప్పుతుంది," అన్నాడు టీవీ గొంతుతో, కనుబొమ్మ ఎగరేసి. ఆమెకు నవ్వు రాలేదు. ఆయన కూడా కనుబొమ్మ దించేశాడు.

గడియ తీస్తుంటే ఆమె ఆగింది. "కింద ఊడ్చే ఆవిడ సంచి బోర్లించారు సార్."

ఆయన మెట్ల దాకా వచ్చి, కిందికి వినపడేలా, "పుస్తకం నేనే తెప్పించుకున్నానక్కా," అన్నాడు. "ఆవిడ సామాను ఆవిడకిచ్చి క్షమించమని అడగండి. అతుకు కూడా నేనే వేయిస్తున్నా, నాది వేరేగా తెలియాలని." ఆమె పక్కనుంచి దిగుతుంటే గొంతు తగ్గించి, "ఇక్కడి మాట..." అన్నాడు.

"నేను అట్టలేసే దాన్ని సార్. లోపలి సంగతి నాకెందుకు?" అంది ఆమె.

పీలికల్లో మచ్చలేని దాన్ని ఏరి, కొలిచి కోసి, అంచులు కత్తితో పల్చన చేసి, ముందుగా దాని మీద శ్రీ కొట్టింది. బాగా పడింది. ఎడమ పక్క మైదా పేస్టు గిన్నె, కుడిపక్క తెల్ల గమ్ డబ్బా. కుంచె పేస్టులో ముంచింది. ముంచి, ముక్క మీదికి తేబోయి ఆగింది. తర్వాత ఎవరో ఒకరు తడిపి ఊడదీస్తారన్నాడు. ఎవరో ఒకరంటే ఎవరు? అక్కగారే. ఆ పెద్దావిడ తడిగుడ్డ పట్టుకుని, తమ్ముడి పేరు ముందు నిలబడి, మునివేళ్ళతో శ్రీని ఒలవడం ఆమె కళ్ళకు కట్టింది. దానికి ఈ పొద్దే దారి చేసిపెట్టడం తనవల్ల కాదనిపించింది.

చెప్పిన మాట కాదనడం ఆ ఇంట్లో ఎవరూ చేసి ఉండరు. తెలిస్తే తన కొట్టు షట్టరు మీద కూడా ఎవరో బొగ్గు పెడతారు. కుంచె కడిగి, తుడిచి, డబ్బా మూత తీసి గమ్‌లో ముంచింది. ముక్కను అంటించి, బొటనవేలితో నాలుగు అంచులూ అదిమి, పుస్తకాన్ని ప్రెస్సులో పెట్టి మర బిగించింది.

పొద్దున్నే హాలంతా లైట్లు, వైర్లు. నల్లటి జుట్టు, బుగ్గల మీద రంగు, పదేళ్ళు తగ్గి దిగివచ్చాడు కితకితలాయన. ఆమె తలుపు చాటున నిలబడింది. పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోవచ్చు, కాళ్ళు రాలేదు. ఊడ్చే ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

"ఇంతమంది మహానుభావుల పక్కన మీ పుస్తకం! ఎలా అనిపిస్తోంది సార్?" అని టీవీ అమ్మాయి అడిగింది.

ఆయన పుస్తకాన్ని రెండు చేతుల్లో పట్టుకుని తలాడిస్తున్నాడు. బొటనవేలి గోరు మాత్రం అతుకు అంచు వెతుక్కుంటోంది. గోరు దూరలేదు. ఏదో ఆలోచిస్తున్నవాడిలా బొటనవేలిని నాలికతో తడిపాడు, ఆమె దారం తడిపినట్టే. తడిపి మెల్లగా అంచు మీద రుద్దాడు. ముక్క కదల్లేదు. ఆయన తలెత్తి లైట్ల అవతల ఒక్కొక్కరినే చూస్తూ వచ్చాడు, చూపు తలుపు దగ్గర ఆగింది.

"మా అట్టలమ్మ ఒకావిడ ఉంది," అన్నాడు.

దర్జీ గురించి కూడా సరిగ్గా ఇలాగే మొదలుపెట్టాడు. ఆమె తలుపు రెక్క పట్టుకుంది. కొట్టు పేరు ఇక వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని కళ్ళు మూసుకుంది.

"అదిగో, ఆ తలుపు చాటున. కెమెరా తిప్పకండి, భయస్తురాలు. నేనొకటి చెబితే ఆవిడొకటి చేస్తుంది."

హాలంతా నవ్వింది. అక్కగారు కూడా నవ్వారు. కొట్టు పేరు రాలేదు.

"మరి అలాంటావిడని తీసెయ్యకుండా ఎలా ఉంచారు సార్?" అంది టీవీ అమ్మాయి.

"తీసేద్దామనే చూశానమ్మా," అన్నాడు ఆయన, బొటనవేలు శ్రీ మీద ఉంచి. "రావడం లేదు."

ఇంకా గట్టిగా నవ్వారందరూ. ఆయన పుస్తకాన్ని ఖాళీలోకి తోశాడు. ఖాళీ నిండింది, కానీ వేలు మాత్రం వెన్ను మీదనుంచి వెంటనే తీయలేదు.